న్యూట్రినో చేతివాటం గురించి ఆలోచించిన అబ్దుస్ సలామ్

అబ్దుస్ సలామ్ 1926లో పుట్టారు, పంజాబ్‌లోని ఝంగ్‌లో పెరిగారు. 14 ఏళ్లకే మెట్రిక్‌లో పంజాబ్ యూనివర్సిటీ రికార్డు బద్దలు కొట్టి, 1946లో స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్ చేరారు.

డాక్టరేట్ పరీక్షలో ప్రొఫెసర్ పైయెర్ల్స్ ఆయన్ని ఒక ప్రశ్న అడిగారు: న్యూట్రినోకు ద్రవ్యరాశి ఎందుకు లేదు? అడిగినాయనకు కూడా జవాబు తెలియదు.

చదువయ్యాక లాహోర్‌లో ప్రొఫెసర్‌గా చేరారు గానీ, పరిశోధన గురించి మాట్లాడే మనిషి లేక 1954లో మళ్లీ కేంబ్రిడ్జ్ వెళ్లిపోయారు. 1956లో అమెరికా సమావేశం నుంచి తిరిగొస్తూ, రాత్రంతా విమానంలో నిద్రపట్టక ఆలోచిస్తుంటే ఆ పాత ప్రశ్నకు జవాబు తట్టింది. ద్రవ్యరాశి ఉన్న కణాన్ని దాటి వెళ్లి చూస్తే దాని తిరుగుడు ఎడమ కుడి అవుతుంది. న్యూట్రినో ఎప్పుడూ ఎడమచేతి వాటంగానే తిరగాలంటే దాన్ని ఎవరూ దాటకూడదు. అంటే అది కాంతి వేగంతో పోవాలి, ద్రవ్యరాశి సున్నా కావాలి.

ఆ పేపర్ చూసిన మహా శాస్త్రవేత్త పౌలీ, ఇంతకంటే మంచిదేదైనా ఆలోచించుకోమని కబురు పంపారు. సలామ్ మనసు చివుక్కుమంది. 1957 జనవరిలో మేడమ్ వూ ప్రయోగం ప్రకృతి ఎడమ కుడిలను సమానంగా చూడదని తేల్చేసింది. పౌలీ పొరపాటు ఒప్పుకున్నారు. నోబెల్ మాత్రం ఆ ఏడాది లీ, యాంగ్‌లకు వెళ్లింది.

సలామ్ ఆ దారి వదల్లేదు. ఎడమ వాటం ఎలక్ట్రాన్‌ను, న్యూట్రినోను ఒక జంటగా పెట్టారు. వాటి వీక్ ఐసోస్పిన్ విలువలు −1/2, +1/2. కుడి వాటం ఎలక్ట్రాన్ ఒంటరి, దాని విలువ 0. హైపర్‌చార్జ్ ఎడమ జంటకు −1, కుడిదానికి −2. అందులో సగం తీసి ఐసోస్పిన్‌కు కలిపితే విద్యుదావేశం వస్తుంది. ఎలక్ట్రాన్‌కు రెండు వైపులా −1, న్యూట్రినోకు 0. లెక్క సరిపోయింది! డబ్ల్యు కణం ఎడమ జంటనే తాకుతుంది, కుడిదాని జోలికి పోదు.

1973లో సెర్న్ ప్రయోగాలు ఈ సిద్ధాంతానికి బలమిచ్చాయి. 1979లో గ్లాషో, వైన్‌బర్గ్‌లతో కలిసి సలామ్ నోబెల్ అందుకున్నారు.

లాహోర్ ఒంటరితనం ఆయన మరచిపోలేదు. పేద దేశాల యువ శాస్త్రవేత్తల కోసం 1964లో ఇటలీలోని ట్రియెస్టేలో పరిశోధనా కేంద్రం స్థాపించారు. 1974లో పాకిస్తాన్ పార్లమెంటు అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటించడంతో, ఆ వర్గానికి చెందిన సలామ్ దేశం విడిచారు. 1996లో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. ఖననం మాత్రం పాకిస్తాన్ మట్టిలోనే జరిగింది.

రెండేళ్లకు న్యూట్రినోకు అతి స్వల్ప ద్రవ్యరాశి ఉందని తేలింది. విమానంలో తట్టిన జవాబు ఆ మేరకు తప్పింది. కానీ డబ్ల్యు కణం ఎడమ వాటాన్నే తాకుతుందన్న నియమం మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.