తనకొరకు దాచుకొనని వైద్యుడు: సర్ విక్టర్ హార్స్లీ



మన గ్రామములలో మూర్ఛ వచ్చి పడిన బిడ్డను చూచి కొందరు చేతిలో ఇనుప తాళపుచెవి పెట్టుదురు. కొందరు గాలి సోకినదని దూరముగా తొలగుదురు. సుమారు నూట నలువది సంవత్సరముల క్రిందట లండను నగరములో సహితము తల తెరచి ఆ జబ్బునకు చికిత్స చేయ సాహసించినవారు బహు కొద్దిమంది. వారిలో ముఖ్యుడు విక్టర్ హార్స్లీ.

ఆయన 1857వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి చిత్రకారుడు. 1843లో మొట్టమొదటి క్రిస్మస్ కార్డు తయారైనప్పుడు దాని బొమ్మ గీసినది ఈ తండ్రియే. కుమారుడు కుంచె పట్టక వైద్యవిద్య నభ్యసించెను. మత్తుమందు మెదడుమీద ఎట్లు పనిచేయునో ఎరుగుటకు దానిని తనమీదనే అనేకమార్లు ప్రయోగించుకొనెను. తరువాత షేఫర్ అను శాస్త్రజ్ఞునితో కూడి, మెదడులోని ఏ భాగము చేతిని కదిలించును, ఏ భాగము కాలిని కదిలించును అని కోతులలో పరిశీలించెను.

ఈ విద్య 1886 మే 25న ఒక ప్రాణికి అక్కరకు వచ్చెను. ఇరువది రెండేండ్ల యువకుడొకడు చిన్నతనములో బండి క్రిందపడి తలకు దెబ్బ తగిలినది మొదలు మూర్ఛలతో బాధపడుచుండెను. హార్స్లీ అతని పుర్రె తెరచి, మెదడుమీది పాత గాయపు మచ్చను తీసివేయగా మూర్ఛలు ఆగిపోయెను. మరుసటి సంవత్సరము కాళ్లు పడిపోయిన ఒకని వెన్నెముక తెరచి, వెన్నుపామును నొక్కుచున్న కంతిని తీసెను. ఆ మనుష్యుడు లేచి నడచెను. అప్పటికి ఎక్స్‌రే లేదు. అది కనుగొనబడినది 1895లో. కంతి ఎక్కడ నున్నదో రోగి బాధనుబట్టియే గుర్తింపవలసి యుండెను. ఎముకనుండి కారు రక్తమును ఆపుటకు తేనెమైనము, బాదంనూనె కలిపిన ముద్దను ఆయన వాడెను. అట్టి మైనమును శస్త్రవైద్యులు నేటికిని ఎరుగుదురు.

ఆయన ఆసుపత్రి గోడల మధ్యనే ఉండిపోలేదు. పిచ్చికుక్క కాటునకు ఫ్రాన్సులో పాశ్చర్ కనిపెట్టిన చికిత్సను పరీక్షించుటకు 1886లో ప్రభుత్వము సంఘము నేర్పరచగా దానికి కార్యదర్శియై, ఆ చికిత్స నిజమైనదని రుజువుచేసెను. కుక్కలకు మూతిచిక్కములు కట్టవలెనని పట్టుబట్టగా కుక్కలను పెంచువారు కోపగించిరి. అయినను 1902 నాటికి బ్రిటనులో ఆ రోగము లేకుండ పోయెను. మద్యము మెదడును చెరుపునని తెలిసి తాను దానిని ముట్టలేదు. 1907లో మేరీ స్టర్జ్ అను వైద్యురాలితో కలసి ఆ విషయమై గ్రంథము వ్రాసెను. యుద్ధకాలములో సైనికులకు సారాయి పంచుటను ఎదిరించి పెద్దలకు అప్రియుడాయెను. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని చెప్పినందున మిత్రులనుకూడ పోగొట్టుకొనెను. తాను సత్యమని తెలిసికొనిన దానిని దాచుట ఆయనకు చేతకాలేదు.

మొదటి ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు ఆయన ఏబదియేడేండ్లవాడు. ఇంటనుండినను ఎవరును తప్పుపట్టకపోదురు. అయినను ఐగుప్తునకును, అక్కడనుండి 1916లో మెసొపొటేమియాకును పోయెను. అది నేటి ఇరాకు దేశము. బైబిలులో హిద్దెకెలు అనబడిన టైగ్రీసు నదీతీరమున భారత సిపాయిలును ఆంగ్ల సిపాయిలును గాయములతోను రోగములతోను పడియుండిరి. మందులు చాలవు, మోసికొనిపోవు సాధనములు చాలవు. ఈ దుస్థితినిగూర్చి ఆయన గట్టిగా మొరపెట్టెను. మండుటెండలో పనిచేయుచు వడదెబ్బ తగిలి, జూలై 16న అమారా పట్టణములో మరణించెను. ఆయన సమాధి అక్కడనే యున్నది.

యుద్ధము ముగిసిన తరువాత ఆయన జ్ఞాపకార్థము నిధి నేర్పరచి, దానితో ఒక స్మారకోపన్యాసమును స్థాపించిరి. మొదటి ఉపన్యాసము 1923లో జరిగెను. దానిని ఇచ్చినవాడు యౌవనములో ఆయనతోకూడ మెదడును పరిశీలించిన ఆ షేఫరే. శస్త్రవైద్యమునకును శరీరధర్మశాస్త్రమునకును గల సంబంధమే ఆనాటి విషయము. శిలావిగ్రహముకన్న ఇది ఆయనకు తగిన గౌరవము. విగ్రహము చూచువారికి రూపమునే చూపును. ఉపన్యాసము వినువారికి విద్యనిచ్చును.

మన సంఘములలోను పెద్దలు నిద్రించినప్పుడు వారి పేర రాతిపలకలు నిలుపుదుము. అది మంచిదే. అయితే అదే సొమ్ములో కొంత ఒక పేదబిడ్డ చదువునకు పెట్టినయెడల, ఆ బిడ్డ రేపు నర్సో వైద్యుడో అయి మరియొకని లేవనెత్తును. మూర్ఛ వచ్చిన బిడ్డను దాచక ఆసుపత్రికి తీసికొనిపొండు. కుక్క కరచినయెడల గాయమును వెంటనే సబ్బుతోను ధారాళమైన నీటితోను పదిహేను నిమిషములు కడిగి, ఆలస్యము చేయక టీకా వేయించుడు. ఇట్లు చేయు ప్రతి ఇల్లును ఆ వైద్యుని జ్ఞాపకమును గౌరవించినట్లే.