సర్ వాల్టర్ ఎలియట్ గారు – వాల్తేరు నత్తలు

సిద్దిపేటలో నివసించు మనకు నత్తయనగా వానకాలమున చెరువుగట్టున ప్రాకు గుల్లపురుగే. సముద్రమున గుల్లలేని నత్తలు గలవనియు, అవి పూవులవలె రంగురంగులుగా నుండుననియు చెప్పిన మన బాలురు నవ్వుదురేమో. అట్టివానిని మన తెలుగుతీరమున సేకరించిన సర్ వాల్టర్ ఎలియట్ గారి చరిత్రమును ఇచ్చట కొంచెము వ్రాయుచున్నాము.

ఈయన 1803వ సంవత్సరమున స్కాట్లండులోని ఎడింబరో నగరమున జనించెను. చిన్నవయస్సుననే కుంపిణీ కొలువునకై చెన్నపురి చేరెను. 1824లో కిత్తూరు తిరుగుబాటున చెరపట్టబడి ప్రాణములతో బయటపడెను. 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించి శిల్పములను చెన్నపురికి పంపెను. వానిలో పెక్కు పిమ్మట లండను చేరినవి. అవి మన దేశముననే యుండదగినవని మా తలంపు. తరువాత 1854 వరకు ఉత్తర సర్కారులకు కమీషనరుగా నుండెను.

ఆ యుద్యోగకాలముననే వాల్తేరు తీరమున ఈయన దృష్టి ఈ నత్తలపై బడెను. పుట్టినప్పుడు వీనికి చిన్న గుల్ల యుండును. పెరుగునపు డది రాలిపోవును. కొన్నిటికి మొప్పలు వీపుమీద పూగుత్తివలె విచ్చుకొని యుండును. గుల్ల పోయిన ప్రాణికి రక్ష యేది? కొన్నిటి యొంట చేదు విషముండును. మఱికొన్ని, కుట్టెడి సముద్రజీవులను తిని, వాని కొండులను తమ వీపున దాచుకొని శత్రువులకు తగిలించును. పెక్కింటి మెఱయు రంగులు, మమ్ము తినకుడను హెచ్చరికలే.

అయితే సారాయిలో నుంచిన ఆ రంగులు వెలసిపోవును, దేహము ముడుచుకొనును. అందుచే ఎలియట్ గారు, నత్తలు జీవముతో నుండగనే, దేశీయ చిత్రకారునిచే వాని రూపములను వర్ణములతో వ్రాయించెను. చిత్రలేఖనము నిరుపయోగమను విద్యార్థులు దీనిని గమనింతురు గాక! ఆ చిత్రములను, సారాయిలోని నత్తలను పరిశీలించి, ఇంగ్లండులో న్యూకాసిలు వాసులగు ఆల్డరు, హాంకాకు గారలు 1864లో వానిని వర్ణించిరి. ఒకదానికి ఎలియట్ గారి పేరు పెట్టిరి. మఱియొకదానికి కళింగ అని మన ప్రాచీన దేశనామమే యుంచిరి. ఈ కళింగకు దేహమంతట ఎఱ్ఱని బొడిపెలుండును. సముద్రపు నక్షత్రములకు చుట్టములగు, సన్నని చేతుల ప్రాణులను మ్రింగును. చిత్రము వ్రాసినవాని పేరు మాత్రము దేనికిని పెట్టరైరి. ఇది మాకు కొఱతగనే తోచుచున్నది.

1859లో ఎలియట్ గారు తెలుగుదేశపు మొక్కల తెలుగు పేళ్లను గూర్చి గ్రంథము ప్రకటించి, మఱుసటియేట స్వదేశమున కేగెను. ముసలితనమున చూపు పోయెను. ఐనను దక్షిణదేశపు నాణెములను గూర్చిన గ్రంథమును 1886లో వెలువరించెను. 1887 మార్చి 1వ తేదీన మరణించెను. ఆనాటి యుదయము కూడ, తమిళ పండితుడగు పోపు గారికి ఒక లేఖ చెప్పి వ్రాయించి, తన చేతితో సంతకము చేసెను.