దత్తమండలముల సేనాని: సర్ తామస్ మన్రో
ధ్యానభాగము: నెహెమ్యా 5వ అధ్యాయము

నెహెమ్యా యెరూషలేము ప్రాకారములను కట్టించిన సంగతి మనము చిన్ననాటి నుండి వినుచునే యున్నాము. అయితే గోడ కట్టుట ఒక పని. ఆ గోడ లోపల బ్రదుకు జనుల కడుపు నింపుట వేరొక పని. అయిదవ అధ్యాయములో జనులు అధికారి యొద్దకు మొఱతో వచ్చిరి. రాజునకు పన్ను చెల్లించుటకై పొలములు కుదువ పెట్టిరి. బిడ్డలు దాస్యమునకు పోవుచుండిరి. నెహెమ్యా ఆ మొఱ విని, పెద్దలను నిలదీసి, పొలములను మరల ఇప్పించెను. అధికారిగా తనకు రావలసిన భత్యమును సహితము తీసికొనలేదు. ఈ మాసము ఈ అధ్యాయమును చేతబట్టుకొని, మన సీమకే సంబంధించిన ఒక అధికారి జీవితమును తలపోయుదము.

సర్ తామస్ మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశములోని గ్లాస్గో పట్టణమున జన్మించెను. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధము వలన ఆ వర్తకము చెడిపోయి, కుటుంబము ఇబ్బందుల పాలయ్యెను. అందుచేత కుమారుడు కంపెనీ పటాలములో చేరి, 1780లో చెన్నపట్టణమునకు వచ్చెను. వచ్చిన యేడాదిలోనే హైదరాలీతో యుద్ధము ప్రారంభమయ్యెను. కాలినడకన తిరుగుచు, స్వల్ప జీతముతో సరిపుచ్చుకొనుచు అతడు యుద్ధవిద్యతో పాటు హిందూస్థానీ, పారసీక భాషలను నేర్చుకొనెను. 1792 నుండి ఏడేండ్లు బారామహలులో కెప్టెను రీడు క్రింద శిస్తు పని చేసెను. దున్నువానితో సర్కారు నేరుగా మాటలాడవలెనను తలంపు అచ్చటనే బలపడెను.

1800 అక్టోబరులో నిజాము ఒక ఒప్పందము చేసికొని మన సీమను కంపెనీకి ఒప్పగించెను. బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములును, నేటి కర్నూలు, నంద్యాల జిల్లాలలో కొంత భాగమును దానిలో చేరి యుండెను. మన కోయిలకుంట్లయు అందులోనిదే. ఒప్పగింపబడిన సీమ గనుక దత్తమండలములని పేరు వచ్చెను. 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అను పేరు పెట్టబడువరకు మన పెద్దలు ఆ పేరుతోనే పిలువబడిరి.

ఆ దినములలో సీమ ఎట్లుండెనో ఊహించుడి. ముప్పది యేండ్లుగా హైదరు, టిప్పు, మహారాష్ట్రులు, నిజాము సేనలు వంతులవారీగా త్రొక్కిన నేల ఇది. సుమారు 80 మంది పాళెగాండ్రు తమ తమ కోటలలో ఆయుధములు పట్టిన బంట్లను పెట్టుకొని యుండిరి. రైతు ఒకనికి శిస్తు కట్టి వచ్చుసరికి మరియొకడు గుమ్మములో నిలిచి యుండును. నల్లరేగడి నేల ఎంత సారమైనదైనను, కోత కోసిన జొన్న తన గాదెకు చేరునో లేదో తెలియనివాడు ఏ ధైర్యముతో విత్తనము చల్లును?

అట్టి సీమకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. చాల కాలము గుడారములే ఆయన ఇల్లు. ఊరూరు తిరుగుచు, రైతులను గుడారము ముందరికి పిలిపించి వారి మాట వినెను. సేనల సాయముతో పాళెగాండ్రను లోబరచెను. కొందరిని తరిమెను, కొందరికి పింఛను ఏర్పరచెను. ఈ పనిలో ఆయన అనుసరించిన మార్గములు కొన్ని న్యాయముగా లేవని లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించిరి. దీనిని మేము దాచము. నెమ్మది వచ్చుట నిజమే. అయితే కోటలు పోగొట్టుకొన్న యిండ్లలో ఒక గాయము మిగిలిపోయెను.

తరువాత పొలము పొలమును కొలిపించి, నేల తరమును నిర్ణయించి, ఏ చేనుకు ఎంత శిస్తో వ్రాయించెను. మధ్యవర్తి లేకుండ రైతే సర్కారునకు చెల్లించు ఈ పద్ధతికి రైత్వారీ అని పేరు. ఏడేండ్లలో సీమ ఆదాయము దాదాపు సగము పెరిగెను. పై అధికారులు మెచ్చుకొనిరి. మరియొకడైనచో ఆ మెప్పుతో తృప్తి పొంది యుండును.

ఇక్కడనే మన్రో జీవితములో మనము నిలిచి చూడవలసిన తావు ఉన్నది. ఆయన వేయించిన శిస్తు పంటలో నూటికి 45 వంతులు. వర్షము లేని యేడు ఆ భారము రైతు నడుము విరుచునని తిరిగి చూచిన కన్నులకు తెలిసెను. 1807లో సెలవు మీద స్వదేశమునకు పోవుటకు ముందు ఆయన ఒక నివేదిక వ్రాసి, నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, బావుల క్రింది భూములకు మరికొంత తగ్గింపవలెననియు కోరెను. తాను వేసినది బరువైనదని తానే ఒప్పుకొనుట అధికారికి సులభమైన పని కాదు. కాని ఆ కోరిక చెల్లలేదు. పైవారు రైత్వారీనే తీసివేసి గ్రామములను గుత్తకు ఇచ్చిరి. గుత్తలు అనేక గ్రామములను నష్టపరచెను.

మన్రో 1813లో పార్లమెంటు ఎదుట సాక్ష్యమిచ్చుచు ఈ దేశ ప్రజల నేర్పును, మర్యాదను గౌరవముతో వివరించెను. 1814లో వివాహము చేసికొని, మరల వచ్చి న్యాయస్థానములను చక్కపెట్టు కమిషనుకు పెద్దగా నుండెను. 1816 చట్టముల వలన మునసబులకు తీర్పు తీర్చు అధికారము వచ్చెను. 1817-18లో మహారాష్ట్ర యుద్ధములో సేనాపతిగా నడిచెను. పిమ్మట 1820 జూను మాసములో, మేజరు జనరలు హోదా పొందిన ఈ పాత సైనికుడు చెన్నపురి రాజధానికి గవర్నరై, ఆలోచన సభకు అధ్యక్షుడయ్యెను.

అధికారము చేతికి వచ్చిన వెంటనే తన పాత కోరికను జ్ఞప్తికి తెచ్చుకొనెను. పదుమూడేండ్ల క్రిందట అడిగిన తగ్గింపు అప్పుడు అమలులోనికి వచ్చెను; రైత్వారీయు మరల వచ్చెను. 1822లో పాఠశాలలను లెక్కింప నాజ్ఞాపించగా 12,498 బడులు లెక్కకు వచ్చెను. జిల్లాకును, తాలూకాకును సర్కారు బడులు ఉండవలెనని 1826లో ఏర్పాటు చేసెను. ఈ దేశస్థులకు పెద్ద ఉద్యోగములు ఇయ్యకుండ వారి శీలమును పెంపొందింపలేమనియు, ఒక దినమున వారే తమ్మును పాలించుకొనవలెననియు 1824లో వ్రాసి యుంచెను.

మన సంఘస్థులు గమనింపదగిన సంగతి మరొకటి. బళ్లారి జిల్లాలో ఒక సబ్ కలెక్టరు తన ఉద్యోగములో నుండియే మతప్రచారము చేయగా, మన్రో దానిని అంగీకరింపలేదు. శిస్తు వసూలు చేయు చేయియే సువార్త పత్రికను అందించినచో, పుచ్చుకొనువాడు భయముతో పుచ్చుకొనును. ఆనాడు కొందరు విశ్వాసులకు ఇది కఠినముగా తోచి యుండవచ్చును. అయినను భయముతో వంగిన మోకాలు క్రీస్తునకు వంగినట్లు కాదని మేము నమ్ముచున్నాము.

1826లో భార్య రోగియైన చిన్న కుమారుని తీసికొని ఇంగ్లండునకు పోయెను. మన్రో పదవి విడువగోరి, తన స్థానమునకు వచ్చువాని కొరకు ఎదురుచూచుచుండెను. ఆ వ్యవధిలో దత్తమండలములను కడసారి చూడవలెనని 1827లో బయలుదేరెను. గుత్తి యొద్ద వెంటవచ్చిన వారిలో కలరా పుట్టెను. జూలై 6వ తేదీన పత్తికొండలో ఆయనకే ఆ వ్యాధి సోకి, ఆ రాత్రియే కన్నుమూసెను. గుత్తిలో సమాధి చేసి, 1831లో ఆయన శేషములను చెన్నపట్టణములోని సెయింట్ మేరీ దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము బావి త్రవ్వించి తోపు నాటించిరి. మన సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి.

అయితే కథ ఇచ్చట ముగిసినచో సగమే చెప్పినట్లగును. ఆయన మరణించిన 19 సంవత్సరములకు, 1846లో, పాళెగాండ్ర వంశీయుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడి మన కోయిలకుంట్ల ఖజానాపై పడెను. పింఛనుల విషయములో కలిగిన అవమానము ఆ అగ్నికి ఒక కారణము. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఆయనను ఈ ఊరనే ఉరితీసిరి. పాత గాయమును మాన్పక పైపూత పూసినచో అది మరియొక తరములో పగులునని మన ఊరి మట్టియే మనకు బోధించుచున్నది.

కాబట్టి మన్రోను దేవునివలె పూజింపము, దూషింపము. ఆయన పరదేశి కంపెనీ సేవకుడు. ఆ కంపెనీ లాభము కొరకే శిస్తు వసూలు చేసెను. అయినను తాను మోపిన బరువును తానే చూచి, ఒప్పుకొని, పదుమూడేండ్లు మరువక, వీలు కలిగినప్పుడు దించెను. మనలో ఎవరము సంఘ పెద్దలమై, ఇంటి పెద్దలమై, కూలి ఇచ్చువారమై యున్నామో, మన మాట వలన ఎవరి నడుము వంగినదో ఈ మాసము విచారించుకొందము. ప్రాకారము ఎంత ఎత్తు కట్టితిమని కాక, దాని నీడను ఉన్నవారి మొఱ వింటిమా యని ప్రభువు మనలను అడుగును. ఆ దినమున సిగ్గుపడకుండునట్లు, దించగల బరువును నేడే దించు కృప ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.