పందెపు లెక్క తేల్చిన మేధావి: జాన్ వాన్ న్యూమన్

జూదమనగానే తెలుగువారికి తొలుత స్ఫురించేది సభాపర్వమే. శకునితో ముఖాముఖి కూర్చున్న ధర్మరాజు మణులను, రథాలను, రాజ్యాన్ని, తమ్ములను, తన్ను తాను, కడకు ద్రౌపదిని ఒడ్డి సర్వమూ పోగొట్టుకున్నాడు. ఆ కథలో మనం శకుని కపటాన్ని గర్హిస్తాము గాని, ఓడినకొద్దీ ధర్మరాజు పందెం పెరుగుతూ పోయిన వైనాన్ని అంతగా గమనించము. ఎంత ఒడ్డాలి, ఎందుకు ఒడ్డాలి అన్న ప్రశ్న ఆయనకు తట్టనే లేదు. ఆ ప్రశ్నను గణితశాస్త్ర సింహాసనం ముందు నిలిపిన ఇరవయ్యో శతాబ్దపు మేధావి జాన్ వాన్ న్యూమన్. ఆయన జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచాలని ఈ చిన్న ప్రయత్నం.

న్యూమన్ 1903 డిసెంబరు 28న హంగేరీలోని బుడాపెస్టు నగరంలో సంపన్నమైన యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి మాక్స్ బ్యాంకు వ్యవహారాలలో ఆరితేరినవారు. పసితనంలోనే పెద్ద సంఖ్యలను మనసులోనే గుణించి చెప్పే శక్తి ఆ బాలునికి అబ్బింది. లూథరన్ ఉన్నత పాఠశాలలో లాస్లో రాట్జ్ అనే గణితోపాధ్యాయుడు ఆ ప్రతిభను గుర్తించి, విశ్వవిద్యాలయ పండితుల చేత ప్రత్యేకంగా పాఠాలు చెప్పించారు. శిష్యుడు తన్ను మించినవాడని గ్రహించి, దారి చూపి పక్కకు తొలగిన గురువు ధన్యుడు. గణితం కూడు పెట్టదని తండ్రి శంకించడంతో న్యూమన్ జూరిచ్‌లో రసాయన ఇంజనీరింగు కూడా చదివారు. 1926లో బుడాపెస్టు విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేటు పొందారు.

1928లో ఆయన ప్రకటించిన ఒక వ్యాసం ఆటల సిద్ధాంతానికి పునాది అయింది. అంతకుముందే 1921లో ఫ్రెంచి గణితవేత్త ఎమిల్ బోరెల్ ఈ దారిలో అడుగు వేశారు. ఇద్దరు ఆడే ఆటలో ఒకరి లాభం మరొకరి నష్టమైనప్పుడు, ఎదుటివాడు ఎంత తెలివిగా ఆడినా నష్టం ఒక హద్దు దాటకుండా కాపాడే వ్యూహం ఒకటి ఉంటుందని న్యూమన్ నిరూపించారు. చదరంగంలో బలగమంతా బల్ల మీదే కనిపిస్తుంది. పేకాటలో ఎదుటివాని చేతిలోని ముక్కలు కనిపించవు. అందుకే ఆయన పోకరాటను ఎన్నుకున్నారు. 1930లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరి, 1933లో అక్కడి ఉన్నత అధ్యయన సంస్థ తొలి ఆచార్యులలో ఒకరయ్యారు. అర్థశాస్త్రవేత్త ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో వెలువరించిన బృహద్గ్రంథంలో పోకరుకు ఒక ప్రకరణమే కేటాయించారు.

అందులో ఆయన తేల్చినది ఆశ్చర్యకరమైనది. మేలైన ముక్కలకు పందెం పెంచాలి. మధ్యరకం వాటికి ఊరకుండాలి. మిక్కిలి హీనమైన వాటిలో కొన్నింటికి మాత్రం మళ్లీ పెంచాలి. మన మూడు ముక్కలాట ఎరిగినవారికి ఈ బూటకపు పందెం కొత్త కాదు. అయితే అది కేవలం గుండెధైర్యమని మనం భావిస్తాము. దానికీ ఒక కొలత ఉందని న్యూమన్ చూపారు.

ఉదాహరణకు ఇద్దరి మధ్య 100 రూపాయలు చేరాయనుకుందాం. చివరి పందెంగా ఒకరు మరో 100 ఒడ్డితే, రెండవవారు 200 గెలుచుకోవడానికి 100 చెల్లించాలి. కాబట్టి పందెం వేసినవాని మూడు పందెాలలో ఒకటి బూటకమైతే, చెల్లించినా మానినా రెండవవానికి తేడా ఉండదు. పందెం 50 అయితే నాలుగింట ఒకటి, 200 అయితే అయిదింట రెండు బూటకాలు చెల్లుతాయి. పందెం పెరిగినకొద్దీ బొంకుకు చోటు పెరుగుతుంది. ఆ మేరకు ప్రమాదమూ పెరుగుతుంది. ఒకే పరిమాణపు పందెం అనుమతించే ఆయన నమూనాలో, మధ్యనున్న సొమ్ముతో సమానమైన పందెమే అన్నింటికన్నా లాభకరమని లెక్క తేలుతుంది.

ఆ మేధస్సు ఆటలకే పరిమితం కాలేదు. 1945లో ఆయన రాసిన నివేదిక నేటి కంప్యూటర్ల నిర్మాణానికి మూలమైంది. అదే మేధస్సు అణుబాంబు నిర్మాణానికీ తోడ్పడింది. జపానులో బాంబు వేయదగిన నగరాలను పరిశీలించిన సంఘంలో ఆయన సభ్యులు. సోవియట్ దేశం మీద ముందుగానే దాడి చేయాలని కొంతకాలం వాదించారు కూడా. ఒకరి గెలుపు మరొకరి ఓటమే అయ్యే ఆటను ఆయన సంపూర్ణంగా సాధించారు. ఇద్దరూ గెలవగల, ఇద్దరూ నశించగల లోకవ్యవహారాన్ని మాత్రం అదే కొలతతో కొలిచారేమోనని మాకు తోస్తుంది. 1955లో క్యాన్సరు బయటపడింది. అంత ధీశాలినీ మృత్యుభయం కలచివేసిందని సన్నిహితులు చెప్పారు. 1957 ఫిబ్రవరి 8న, 53 ఏళ్ల వయసులో, వాషింగ్టన్‌లోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఆయన నాటిన విత్తనం అరవై ఏళ్లకు ఫలించింది. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం రూపొందించిన లిబ్రేటస్ అనే కంప్యూటరు కార్యక్రమం, పందెానికి హద్దు లేని హోల్డెమ్ పోకరులో నలుగురు ప్రవీణులతో విడివిడిగా, ముఖాముఖిగా మొత్తం 1,20,000 ఆటలు ఆడి ఓడించింది. మధ్యనున్న సొమ్ముకు ఎన్నో రెట్లు ఒడ్డే దాని పందెాలు ఆ ప్రవీణులనే విస్మయపరచాయి.

ఇంత చెప్పి విద్యార్థులను పేకాటకు పురికొల్పుతున్నామా అని కళాశాల సంఘంవారు శంకించనవసరం లేదు. జూదం ఇస్లాంలో నిషిద్ధం. ధర్మరాజు కథ చెప్పే నీతీ అదే. గణితం కూడా ఆ మాటే పలుకుతుంది. సమాన ప్రజ్ఞ గల ఇద్దరు లోపం లేకుండా ఎంతకాలం ఆడినా సగటున మిగిలేది సున్న. అందులోనుంచి ఆట నడిపించేవాడు ప్రతిసారీ తన వాటా తీసుకుంటే ఇద్దరూ ఓడిపోతారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం కన్నా ముందే ఈ చిన్న తీసివేత తెలిసినవాడు ఆ వాకిలి తొక్కడు.

కె.కోటపాడు వంటి పల్లెపట్టున చదువుకునే మా విద్యార్థులూ రోజూ ఏదో ఒకటి ఒడ్డుతూనే ఉన్నారు. తండ్రి చేసిన అప్పు, తల్లి తాకట్టు పెట్టిన నగ, తమ యౌవనంలో మూడేళ్లు – ఇవే వారి పందెాలు. వాటిని ఓటమి మీది ఉక్రోషంతో గాక, చేతనున్న బలాన్ని తూచి ఒడ్డడమే న్యూమన్ జీవితం నుండి నేర్వదగిన విద్య. దేనిని ఎన్నడూ ఒడ్డరాదో తెలుసుకోవడం అంతకన్నా పెద్ద విద్య.