అంతరిక్షంలో మొదటి మనిషి కూడా హాస్టల్ పిల్లవాడే



ఈ నెల మన గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. ఎవరి గురించి రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. గాంధీజీ గురించి, అల్లూరి సీతారామరాజు గురించి, కొమురం భీం గురించి అన్నలు ఇంతకు ముందే చక్కగా రాసేశారు. అందుకని నేను యూరీ గగారిన్ గురించి రాస్తున్నాను. భూమిని వదిలి అంతరిక్షంలోకి వెళ్ళిన మొట్టమొదటి మనిషి ఆయనే. ఈయన గురించే రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర చెబుతాను.

ముందు ఆయన నాకు ఎట్లా తెలిశాడో చెప్పాలి. పోయిన ఏడాది సైన్సు సారు మమ్మల్ని ఆరుగురిని బిర్లా ప్లానెటేరియం చూపించడానికి హైదరాబాదు తీసుకెళ్ళారు. నాంపల్లి స్టేషన్లో రైలు దిగాం. ఆ రోజు ఆదివారం. ప్లానెటేరియం ఆటకి ఇంకా టైముందని సారు మమ్మల్ని అబిడ్స్ దాకా నడిపించారు. అక్కడ ఆదివారం షాపులు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కుప్పలు కుప్పలుగా పోసి అమ్ముతారు. అన్ని పుస్తకాలు నేను ఎప్పుడూ ఒక్కచోట చూడలేదు.

అబిడ్స్‌లోనే సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు ఉంది. మన దేశం నుంచి మొదట అంతరిక్షంలోకి వెళ్ళిన రాకేశ్ శర్మ చదివింది ఆ బళ్ళోనే అని సారు చెప్పారు. ఆయన 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11 నౌకలో వెళ్ళి, సాల్యూత్-7 అనే కేంద్రంలో ఉండి, ఏప్రిల్ 11న తిరిగి వచ్చారు. మేము గేటు బయట నిలబడి చూశాం. అంత పెద్ద బడిలో చదివితేనే అంత పైకి పోగలరేమో అని నాకు అనిపించింది. పైకి అనలేదు.

తిరిగి వస్తుంటే పుస్తకాల కుప్పలో అట్ట ఊడిన ఒక పాత తెలుగు పుస్తకం దొరికింది. మాస్కోలో అచ్చయినది. అప్పట్లో రష్యా వాళ్ళు తెలుగులో కూడా పుస్తకాలు వేసి చౌకగా అమ్మేవారట. అందులో గగారిన్ కథ ఉంది. ఇరవై రూపాయలకు సారే కొనిపెట్టారు. వచ్చేటప్పుడు రైల్లో లైటు కింద కూర్చుని సగం చదివేశాను. ఆ తర్వాత సారును అడిగి ఇంకొన్ని సంగతులు తెలుసుకున్నాను.

గగారిన్ 1934 మార్చి 9న క్లూషినో అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి వడ్రంగి. తల్లి పాడి పశువుల దగ్గర పని చేసేది. నలుగురు పిల్లల్లో ఇతను మూడోవాడు. 1941లో ఏడేళ్ళ వయసులో బడిలో చేరాడు. చేరిన కొద్ది రోజులకే జర్మనీ సైన్యం ఆ ఊరిని పట్టుకుంది. బడి మూతపడింది. సైనికులు వాళ్ళ ఇంట్లో దిగి, వీళ్ళను బయటికి వెళ్ళగొట్టారు. తండ్రి పెరట్లో గొయ్యి తవ్వి పైన మట్టి కప్పు వేశాడు. అది నిడివి మూడు మీటర్లు, వెడల్పు మూడు మీటర్లు. మన డార్మెట్రీలో ఆరు పెట్టెలు పట్టే జాగా అంతే. అక్కడి చలికి నీళ్ళు రాయిలా గడ్డకడతాయి. అట్లాంటి చోట ఇంటిల్లిపాదీ ఏడాదిన్నర పైనే ఆ మట్టి గుంతలో ఉన్నారు. అన్నను, అక్కను సైనికులు వెట్టి పనికి పట్టుకుపోయారు. వాళ్ళు యుద్ధం అయిపోయాక గానీ ఇంటికి చేరలేదు.

1943లో జర్మన్లు వెళ్ళిపోయాక బడి మళ్ళీ తెరిచారు. పుస్తకాలు లేవు, కాగితాలు లేవు. సైన్యం వాళ్ళు వదిలేసిన పుస్తకాలు పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నారు. యుద్ధం రోజుల్లోనే వాళ్ళ ఊరి దగ్గర ఒక యుద్ధ విమానం కూలితే పిల్లలందరూ పరిగెత్తి వెళ్ళి పైలట్లను చూశారు. విమానం మీద అతని మనసు అప్పుడే పడింది.

1946లో కుటుంబం గ్జాత్స్క్ అనే చిన్న పట్నానికి మారింది. చిన్న వయసులోనే గగారిన్ ఇల్లు వదిలి, మాస్కో దగ్గర లూబెర్త్సీలో ఒక ఫ్యాక్టరీ బడిలో చేరాడు. అక్కడ ఇనుము కరగబోసి అచ్చులు పోసే పని నేర్పుతారు. పగలు కొలిమి దగ్గర పని, సాయంత్రం ఏడో తరగతి చదువు, రాత్రి హాస్టల్లో నిద్ర. అక్కడ మంచి మార్కులు రావడంతో 1951లో సరాతోవ్ పట్నంలో టెక్నికల్ స్కూల్లో సీటు వచ్చింది. అక్కడా హాస్టలే. డబ్బులు చాలక వోల్గా నది రేవులో మూటలు కూడా మోశాడు. అక్కడే ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, 1955లో మొదటిసారి ఒంటరిగా విమానం నడిపాడు.

ఆ తర్వాత ఓరెన్‌బుర్గ్‌లో సైన్యం వాళ్ళ విమానాల బడిలో చేరాడు. ఇక్కడి సంగతి మీరందరూ శ్రద్ధగా చదవాలి. విమానం ఎగరేయడం బాగానే వచ్చింది గానీ దాన్ని నేలకు దించడం సరిగా రాలేదు. మళ్ళీ మళ్ళీ తప్పు పోయింది. ఇంటికి పంపించేద్దామనే దాకా వచ్చింది. పై అధికారి ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. అప్పుడు అసలు విషయం తెలిసింది. గగారిన్ పొట్టి. ఐదడుగుల రెండు అంగుళాలు ఉంటాడేమో. కూర్చుంటే ముందున్న నేల అతనికి సరిగా కనపడటం లేదు. సీటు మీద ఒక మెత్త వేసి కూర్చోబెట్టారు. విమానం చక్కగా దిగింది! తెలివి తక్కువై కాదు, సీటు తక్కువై అన్నమాట. ప్రార్థన లైన్లో ఎప్పుడూ అందరికంటే ముందు నిలబడే నాకు ఇది చదివి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

అతను ఆ బడిలో ఉండగానే 1957 అక్టోబరు 4న రష్యా వాళ్ళు స్పుత్నిక్‌ను పైకి పంపారు. మనిషి చేసిన మొదటి ఉపగ్రహం అదే. 58 సెంటీమీటర్ల గుండ్రని బంతి, బరువు 83.6 కిలోలు. 96 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టేది. మూడు వారాలు రేడియోలో బీప్ బీప్ అని కూసి, 1958 జనవరి 4న కిందికి జారి కాలిపోయింది.

అది పైన పడకుండా ఎట్లా నిలిచింది అని తమ్ముళ్ళు అడుగుతారు. గుట్ట మీద నుంచి రాయి విసిరితే కొంత దూరం పోయి పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరం పోయి పడుతుంది. సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో, గాలి అడ్డం లేనంత ఎత్తులో విసిరితే, అది పడుతూనే ఉంటుంది. కానీ భూమి గుండ్రం కాబట్టి నేల కూడా అంతే వంగిపోతూ ఉంటుంది. అందుకని అది భూమిని ఎప్పటికీ తాకకుండా చుట్టూ తిరుగుతుంది. దాన్నే కక్ష్య అంటారు. అయితే స్పుత్నిక్ తిరిగిన ఎత్తులో కూడా కొద్దిగా గాలి ఉంది. అది మెల్లమెల్లగా వేగం తగ్గించేసింది. 1958 మార్చిలో అమెరికా వాళ్ళు ఇంకా చాలా ఎత్తుకు పంపిన వాన్‌గార్డ్-1 అనే చిన్న బంతి మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

మనిషి కంటే ముందు కుక్కలు వెళ్ళాయి. 1957 నవంబరు 3న లైకా వెళ్ళింది. దాన్ని తిరిగి తెచ్చే ఏర్పాటే చేయలేదు. వేడికి కొన్ని గంటల్లోనే చనిపోయింది. పాపం దాని తప్పేమీ లేదు. 1960 ఆగస్టులో బేల్కా, స్ట్రేల్కా అనే రెండు కుక్కలు వెళ్ళి ప్రాణాలతో తిరిగి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో వెళ్ళిన ఇంకో రెండు తిరిగి రాలేదు. అంటే గగారిన్ వంతు వచ్చేనాటికి తిరిగి వస్తామన్న గ్యారంటీ ఏమీ లేదు.

1960లో రష్యా వాళ్ళు ఇరవై మంది పైలట్లను ఎంపిక చేశారు. నౌక చిన్నది కాబట్టి 170 సెంటీమీటర్ల కంటే పొడుగు ఉండకూడదు, 72 కిలోల కంటే బరువు ఉండకూడదు. ఓరెన్‌బుర్గ్‌లో అడ్డమొచ్చిన పొట్టితనమే ఇక్కడ పనికొచ్చింది. మీలో ఎవరు ముందు వెళ్ళాలి అని వాళ్ళనే అడిగితే, ముగ్గురు తప్ప అందరూ గగారిన్ పేరే రాశారట. పోటీలో ఉన్నవాళ్ళే ఆ పేరు రాయడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

1961 ఏప్రిల్ 12. బైకనూర్ అనే చోట వోస్తోక్-1 నౌకలో గగారిన్‌ను కూర్చోబెట్టారు. తలుపు సరిగా పడలేదని దీపం చూపిస్తే, బోల్టులన్నీ విప్పి మళ్ళీ బిగించారు. అంతసేపూ అతను లోపల నిబ్బరంగా కూర్చున్నాడు. అంతరిక్షంలో మనిషికి మతి పోతుందేమో అని భయపడి, నౌకను చేత్తో నడిపే మీటలకు తాళం వేశారు. తాళం తీసే అంకెలను ఒక కవరులో పెట్టి లోపల ఉంచారు. ఆ అంకెలు 125. కానీ బయలుదేరేలోపే తోటివాళ్ళు వాటిని అతనికి చెప్పేశారు. ఆ నౌకను తయారు చేయించిన పెద్ద ఇంజనీరు సెర్గేయ్ కొరొల్యోవ్. 1966లో ఆయన చనిపోయేదాకా ఆయన పేరు లోకానికి తెలియనివ్వలేదు.

మన టైము ప్రకారం ఉదయం 11 గంటల 37 నిమిషాలకు రాకెట్ లేచింది. నౌక భూమికి 327 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్ళి ఒక్క చుట్టు తిరిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఆఫ్రికా మీద ఉండగా వేగం తగ్గించే ఇంజను మండింది. ఆ వెంటనే వెనక ఉన్న యంత్రాల భాగం విడిపోవాలి. అది పూర్తిగా విడిపోలేదు. కొన్ని వైర్లు పట్టుకుని ఉండిపోయాయి. పది నిమిషాల పాటు నౌక బొంగరంలా గిరగిరా తిరిగింది. చివరికి గాలి రాపిడికి వైర్లు కాలి తెగిపోయాయి. కిటికీ బయట మంటలు. 7 కిలోమీటర్ల ఎత్తులో గగారిన్ సీటుతో సహా బయటికి వచ్చి పారాషూట్‌తో దిగాడు. మొత్తం 108 నిమిషాలు. మా గూడెం నుంచి మండలానికి వెళ్ళి రావడానికి కూడా అంతకంటే ఎక్కువ పడుతుంది.

దిగింది ఎక్కడ అనుకున్నారు? సరాతోవ్ దగ్గర పొలాల్లో! హాస్టల్లో ఉండి చదువుకుని, మొదటిసారి విమానం ఎక్కిన ప్రాంతమే. ఆలుగడ్డలు నాటుతున్న ఒక ముసలమ్మ, ఆమె మనవరాలు, నారింజరంగు బట్టలు, తెల్ల హెల్మెట్ చూసి భయపడ్డారు. నేను మనవాణ్ణేనని చెప్పి, ఫోను ఎక్కడుందని అడిగాడు.

పారాషూట్‌తో విడిగా దిగిన సంగతిని మాత్రం వాళ్ళ ప్రభుత్వం చాలా ఏళ్ళు దాచింది. అప్పటి రూలు ప్రకారం పైలట్ నౌకలోనే దిగితేగానీ రికార్డు కింద ఒప్పుకోరు. ఆ దాపరికం నాకు నచ్చలేదు. దాచకపోయినా అతని గొప్పతనం తగ్గేది కాదు.

ఆ ఏడాది చివర్లో గగారిన్ మన దేశానికి వచ్చాడు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తాతో పాటు హైదరాబాదు కూడా వచ్చాడు. అప్పుడు రాకేశ్ శర్మకు 12 ఏళ్ళు. అంటే మన ఏడో తరగతి తమ్ముళ్ళంత. ఇరవై మూడేళ్ళ తర్వాత ఆయన వెళ్ళింది కూడా అదే బైకనూర్ నుంచి.

గగారిన్‌కు ఎంత పేరొచ్చినా చదువు ఆపలేదు. మళ్ళీ అంతరిక్షంలోకి వెళ్ళాలని ఉండేది. 1967 ఏప్రిల్‌లో అతని మిత్రుడు కొమరోవ్ సోయుజ్-1లో వెళ్ళి, దిగేటప్పుడు పారాషూట్ తెరుచుకోక చనిపోయాడు. కొమరోవ్ వెళ్ళలేకపోతే వెళ్ళాల్సింది గగారినే. ఆ తర్వాత ఇతన్ని పోగొట్టుకోకూడదని పైకి పంపడం మానేశారు. 1968 ఫిబ్రవరిలో ఇంజనీరింగ్ చదువు పూర్తి చేశాడు. మార్చి 27న మామూలు శిక్షణ విమానంలో వెళ్ళి, అది కూలి చనిపోయాడు. వయసు 34 ఏళ్ళు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. అతని కుటుంబం బతికిన గ్జాత్స్క్ పట్నానికి గగారిన్ అనే పేరు పెట్టారు.

ఇప్పుడు నేను చెబుతానన్న కారణం. మా వరసలో కిటికీ పక్కన జాగా ఖాళీగా ఉంది. మీ అందరికీ తెలుసు. ఆ మిత్రుడు లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. కొందరు మొద్దు అని ఎగతాళి చేశారు. వాళ్ళలో ఒకరోజు నేను కూడా నవ్వాను. దసరాకి ఇంటికెళ్ళి ఇంక రాలేదు. పత్తి ఏరడానికి పోతున్నాడని తెలిసింది. ఇంట్లో వాడు మాట్లాడేది వేరే భాష. ఇక్కడ లెక్క చెప్పేది తెలుగులో. వాడికి లెక్క రాక కాదు, లెక్కలో ఏమడిగారో అర్థం కాక తప్పు పోయేది. గగారిన్‌కు కూడా విమానం రాక కాదు కదా, నేల కనపడక. ఆ మెత్త ఎవరో ఒకరు వేయాలి.

ఈ ఆదివారం వార్డెన్ సారు వాళ్ళ గూడేనికి వెళ్తానన్నారు. ఈ కథను ఇంకో కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సారు చేతికి ఇచ్చాను. వాడు వస్తే రోజూ రాత్రి స్టడీ అవర్ తర్వాత అరగంట వాడి పక్కన కూర్చుని లెక్కలో అడిగింది వాడి భాషలో చెబుతానని కింద రాశాను. వాడి జాగాలో ఎవరూ పెట్టె పెట్టొద్దని మిమ్మల్ని అందరినీ కోరుతున్నాను.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి మిత్రుడు