భాగ్యరెడ్డివర్మ

మాదరి భాగయ్య 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదులో ఒక మాల కుటుంబమున జన్మించెను. ఆనాడు జంటనగరములలో క్రొత్త కొలువులు పుట్టుచుండెను. సికింద్రాబాదు కంటోన్మెంటులోను, రైల్వేలోను పని దొరకిన హరిజనులకు నెలజీతము చేతికందెను. కాని జీతముతోపాటు ఊరిబావి కడ చోటు రాలేదు. వచ్చిన జీతమైనను కల్లు దుకాణమునకును, పెండ్లి అప్పులకును పోవుచుండెను. వెలుపలి అడ్డుగోడను, ఇంటిలోని చెదలును రెంటిని చూచినవాడు భాగయ్య.

1906లో ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథల మూలమున మద్యపానమును, బాల్యవివాహములను ఖండించెను. 1910 మొదలు పాఠశాలలు తెరచెను. ఆడపిల్లలను దేవతకు విడిచి జోగినులుగా, బసివిలుగా చేయు దురాచారముతోడను పోరాడెను. బసవనామము అట్టి ఆచారమునకు అంటుకొనుట వీరశైవులకెంత సిగ్గుచేటు! మాదార చెన్నయ్యను తనవానిగా చెప్పుకొన్న బసవేశ్వరుని భక్తుల ఇండ్లు పెక్కింటిలో, ఆ కాలమున హరిజనునికి గడప దాటు హక్కు లేకుండెను.

1913లో ఆర్యసమాజము ఆయనకు వర్మ బిరుదమొసగెను. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షుడై, పంచములను పేరును త్రోసిపుచ్చి, ఆది ఆంధ్రులను పేరును అంగీకరింపజేసెను. పేరుతో కడుపు నిండదనుట నిజమే. కాని బడిలో చోటును, కొలువులో మన్ననయు పేరునుబట్టియే దొరకు కాలమది. 1931 జనాభా లెక్కలలో నిజాం ప్రభుత్వము ఆది హిందువులను పేరును వ్రాసికొనెను.

ఆ ఏటనే ఆయన భాగ్యనగర్ పత్రికను నెలకొల్పెను. 1939 ఫిబ్రవరి 18న కాలధర్మము నొందెను.