గుండెకు బలం ఎక్కడిదో చెప్పిన సుబ్బారావు గారు

ఆదివారం దివ్యపూజ ముగిశాక మైలవరం దేవాలయం ముందు పెద్దలు కాసేపు నిలబడి మాట్లాడుకోవడం మామూలే. వానలు, మామిడి ధరలు, పిల్లల చదువులు అయ్యాక మాట ఒంటి మీదికి వస్తుంది. ఒకరికి బి.పి., ఒకరికి షుగరు. ఇంకొకరు విజయవాడ వెళ్లి గుండెకు స్టెంటు వేయించుకుని వచ్చారు. ఏ డాక్టరు ఏ మందు రాశారో, ఏ పరీక్షకు ఎంత అయిందో చెప్పుకుంటారు. ఆ మాటల్లో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మాత్రం వినిపించదు. గుండె కండరం దేని బలంతో కొట్టుకుంటుందో లోకానికి తెలియజెప్పిన వారిలో ఆయన ఒకరు. ఆయన మన కోస్తా ప్రాంతం వారే. ఈ వారం ఆ మహనీయుని జీవితాన్ని తెలుసుకుందాం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు చిన్న ప్రభుత్వోద్యోగి. ఆయనకు ఆరోగ్యం సరిలేక ఉద్యోగం ముందుగానే మానవలసి వచ్చింది. ఏడుగురు పిల్లలున్న ఆ ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆ పిల్లవాడి ఆలోచన. ఇంటివారు దారిలోనే పట్టి వెనక్కు తెచ్చారు. చదువు కూడా నల్లేరు మీద నడకలా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. తల్లి వెంకమ్మ గారు పట్టు విడవకపోతే ఆ చదువు అక్కడే ఆగిపోయేది.

యువకుడైన సుబ్బారావు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే రోగులకు సేవ చేయవచ్చునని మఠం పెద్దలు సలహా ఇచ్చారు. అలా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అవి గాంధీగారి పిలుపుతో దేశం కదిలిన రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదికి ఖద్దరు అంగీ వేసుకుని వెళ్లారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి అది గిట్టలేదు. చివరకు ఆయన చేతికి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఆ కుటుంబం మీద పిడుగు పడింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో సంగ్రహణి వ్యాధికి బలైపోయారు. తిన్నది ఒంటబట్టక, నెత్తురు విరిగిపోయి, మనిషి ఎండిపోయే జబ్బు అది. వైద్యం చదివిన సుబ్బారావు గారు కూడా ఏమీ చేయలేకపోయారు. అప్పటికి దానికి మందు లేదు. తరువాత అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఆ జబ్బుకు మందు కనుక్కోవాలన్న కోరిక అప్పటినుంచీ ఆయనను వదలలేదు. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో, భార్య శేషగిరి గారిని పుట్టింట వదిలి అమెరికా ఓడ ఎక్కారు. మూడేళ్లలో తిరిగి వస్తానన్న ఆశతో వెళ్లిన ఆయన మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేదు.

బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు గానీ చేతిలో డబ్బు లేదు. మద్రాసు పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి కూలీగా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం, పక్కలు సర్దడం ఆయన పని. రాత్రి ఆ పని, పగలు చదువు. ఈ ఆసుపత్రి పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ చివర మళ్లీ అక్కడికే వస్తాం.

చదువు పూర్తయ్యాక ఆయన సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరారు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్కే సుబ్బారావు పద్ధతి అనే పేరుతో జీవరసాయన విద్యార్థులు నేటికీ దానిని చదువుకుంటారు.

అదే పద్ధతిలో కండరాన్ని పరీక్షిస్తుండగా ఒక వింత కనిపించింది. రంగు వెంటనే రావలసింది పోయి, మెల్లమెల్లగా చిక్కబడుతోంది. ఇంకొకరైతే మందు సరిగా కలవలేదనుకుని పారబోసేవారు. వీరు ఆగి ఆలోచించారు. కండరంలో ఏదో ఒక పదార్థం ఫాస్ఫరస్‌ను పట్టుకుని ఉండి, నెమ్మదిగా వదులుతోందని గ్రహించారు. 1927లో ఆ పదార్థాన్ని ప్రకటించారు. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే సమయంలో దాని జాడ పట్టారు. 1929లో ఎ.టి.పి. అనే మరో పదార్థాన్ని కండరం నుంచి వేరు చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దానిని కనుగొన్నారు.

ఇవి గుండెకు ఏమవుతాయి? మన ఇంటి లెక్కలో చెప్పుకుందాం. ఎ.టి.పి. చేతిలో ఉన్న చిల్లర వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడివేసి ఉంచుకున్న నోటు వంటిది. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ చిల్లర ఖర్చవుతుంది. చేతిలో ఉన్నది కొద్ది సెకన్లకే సరిపోతుంది. అది తరగగానే కొంగుముడి విప్పి మార్చుకోవాలి. ఈలోగా రక్తం తెచ్చే ప్రాణవాయువుతో కొత్త సంపాదన వస్తూనే ఉండాలి. రక్తనాళం పూడుకుపోతే సంపాదన ఆగిపోతుంది. ముడి ఖాళీ అవుతుంది. ఆ భాగంలోని కండరం ముందు నీరసించి, ఆపైన చచ్చిపోతుంది. గుండెపోటు అంటే ఇదే.

నోటును చిల్లరగా మార్చే ఎంజైమును క్రియాటిన్ కైనేజ్ అంటారు. గుండె కండరం చచ్చినప్పుడు అది రక్తంలోకి కారుతుంది. రక్తంలో దానిని కొలిచి గుండెపోటును నిర్ధారించడం ఎన్నో ఏళ్లు ఆసుపత్రుల్లో సాగింది. సి.కె.ఎం.బి. పరీక్ష అంటే అదే. ఇప్పుడు ట్రోపోనిన్ పరీక్ష దాని స్థానంలోకి వచ్చింది. 1997లో జర్మనీ వైద్యులు గుండె ఉబ్బి బలహీనపడిన రోగులను పరిశీలించి, ఎ.టి.పి.తో పోల్చినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ తగ్గిన వారికే మరణభయం ఎక్కువని చూపారు. భీమవరం బిడ్డ వెతికిన పదార్థం రోగి ఆయుష్షుకు కొలబద్ద అయింది.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. తన గొప్ప తాను చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల సంస్థలో చేరారు. అక్కడ ఆయన పర్యవేక్షణలో మందులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. అంతకుముందు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద లూసీ విల్స్ అనే వైద్యురాలు చేసిన పరిశోధన దీనికి దారి చూపింది. సోదరులను మింగిన సంగ్రహణికి ఆ మందు పనిచేసింది. అప్పటికి సోదరులు పోయి ఇరవై ఏళ్లు దాటింది. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా అక్కడిదే. మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అది. అక్కడే తయారైన అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు వచ్చిన పసిపిల్లలకు చికిత్స చేసి, పదహారుగురిలో పదిమందికి కొంతకాలమైనా ఉపశమనం కలిగిందని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

ఆ 1948 ఆగస్టులోనే ఒక రాత్రి పడుకున్న సుబ్బారావు గారు మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయింది. అప్పటికి ఆయన వయసు 53. ఆయన అమెరికాలో ఉండగా ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు. శేషగిరి గారు భర్త ముఖం మళ్లీ చూడలేదు. లోకం పొందిన మేలులో ఆ తల్లి చెల్లించిన వెల కూడా ఉంది. దానిని మరచి ఆయనను మాత్రమే పొగడటం న్యాయం కాదు.

ఆయన మరణంతో కథ ముగియలేదు. ఆయన మందులను గుండెజబ్బుకు వాడి చూడాలని తరువాతి తరం వైద్యులకు తోచింది. రక్తంలో హోమోసిస్టిన్ అనే పదార్థం ఎక్కువైన వారికి గుండెపోట్లు ఎక్కువని తేలింది. ఫోలిక్ ఆమ్లం దానిని తగ్గిస్తుంది. అయితే గుండెపోట్లు కూడా తగ్గాలి కదా! అలా ఊహించి ఊరుకోకుండా పరీక్షించారు. ఇటువంటి పరీక్షలో చీటీలు తీసినట్టు రోగులను రెండు వర్గాలు చేస్తారు. ఒక వర్గానికి మందు, రెండో వర్గానికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, చూసే వైద్యునికీ తెలియదు. 2006లో అలాంటి రెండు పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఒకదానిలో 5,522 మంది, నార్వేలో జరిగిన మరొకదానిలో 3,749 మంది పాల్గొన్నారు. హోమోసిస్టిన్ తగ్గింది. గుండెపోట్లు తగ్గలేదు. 2015లో చైనాలో మాత్రం రక్తపోటు ఉన్న 20,702 మందిలో బి.పి. మందుతో పాటు ఫోలిక్ ఆమ్లం తీసుకున్న వారికి పక్షవాతం తగ్గింది. ఒకే మాత్ర ఒకచోట మేలు చేసింది, మరొకచోట చేయలేదు.

తరువాత మెథోట్రెక్సేట్ వంతు వచ్చింది. కీళ్లవాతానికి దానిని వాడే వారిలో గుండెపోట్లు తక్కువగా ఉన్నట్టు కనిపించింది. రక్తనాళాల వాపును తగ్గించి గుండెను కాపాడుతుందేమోనని అమెరికా, కెనడాలలో 4,786 మంది మీద పరీక్ష పెట్టారు. వారంతా గుండెజబ్బుతో పాటు షుగరు గాని, దానికి దారితీసే లక్షణాలు గాని ఉన్నవారు. మందుతో పాటు అందరికీ ఫోలిక్ ఆమ్లం కూడా ఇచ్చారు. రెండూ సుబ్బారావు గారి ప్రయోగశాల మందులే. ఆ పరీక్షను నడిపించింది బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి వైద్యులు. ఆయన రాత్రిళ్లు పాత్రలు కడిగిన ఆసుపత్రే మరి రెండింటితో కలిసి 1980లో ఆ పేరు పొందింది. ఫలితం 2018లో వెల్లడైంది. గుండెపోట్లు తగ్గలేదు. పైగా కాలేయానికి ఇబ్బంది, రక్తకణాల తగ్గుదల కనిపించాయి.

ఇది ఓటమి అనిపించవచ్చు. కాని రంగు ఆలస్యంగా వస్తే ఎందుకో తెలుసుకునేదాకా వదలని మనిషికి ఇలాంటి నిజమే గౌరవం. పనిచేయని మందు పనిచేయదని తేలితే ఎందరో రోగులు దాని హాని నుంచి తప్పించుకుంటారు. వాపును తగ్గించే వేరే మందులు కొన్ని గుండెకు మేలు చేస్తాయని ఇతర పరీక్షల్లో తేలింది. కనుక ఆ దారి మూసుకుపోలేదు.

మనం ఇంటికి తీసుకుపోవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. పొరుగువారికి పడిన మాత్ర మనకూ పడుతుందని కొని మింగకూడదు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు దానిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గుండెలో బరువు, చెమట, ఎడమ చేతికి పాకే నొప్పి వస్తే గ్యాసు అనుకుని తెల్లవారేదాకా చూడకూడదు. కొంగుముడి ఖాళీ అయ్యేలోగా ఆసుపత్రి చేరాలి. వైద్యులు ఏదైనా పరీక్షలో పాల్గొనమని అడిగితే భయపడి పారిపోనక్కరలేదు. అడగవలసినవన్నీ అడిగి, ఇష్టమైతే ఒప్పుకోవచ్చు. అలా ఒప్పుకున్న వేలమంది పేరు తెలియని రోగులు లేకపోతే సుబ్బారావు గారి మందుల మంచిచెడ్డలు మనకు తెలిసేవే కావు.

భారత ప్రభుత్వం 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, ఒక తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఈసారి రక్తపరీక్షకు చేయి చాచినప్పుడు, గర్భిణికి ఫోలిక్ ఆమ్లం మాత్ర అందించినప్పుడు ఆయనను తలచుకుందాం. ఆయనతో పాటు, ఎదురుచూస్తూ మిగిలిపోయిన శేషగిరి గారిని కూడా.